నిండుకున్న బట్టలకొట్టు

మా మేనేజరు మార్కండేయులు నోట ‘లేదు’ అన్న మాట రాదు. హిందూపురం బట్టలకొట్లో పదకొండేళ్ళు ఆయన కింద గుమాస్తాగా చేసినవాణ్ణి. ఒట్టేసి చెబుతున్నాను, ఒక్కసారీ వినలేదు. అయిపోయిన సరుకు ఆయనకు ‘నిండుకునింది’. బియ్యం డబ్బా అడుగంటితే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అంటారే, అట్లా.

ఈ పిచ్చి కొట్టుతో ఆగిందా? ఒకసారి క్షవరం చేస్తూ మంగలి రంగప్ప, "ఏమప్పా, నడినెత్తిన ఎంటికలే లేవే!" అన్నాడు.

"లేవనొద్దబ్బా! నిండుకున్యాయి అను" అంటూ సగం గడ్డంతోనే లేచొచ్చేశాడు మహానుభావుడు.

నలభై నాలుగులో, యుద్ధం పుణ్యమా అని సరుకు కరువైంది. మద్రాసు హెడ్డాఫీసుకు ఈయన జాబు రాశాడు: "చీరలు నిండుకున్నవి." అక్కడ చూసేది యజమాని అల్లుడు. మద్రాసులో పుట్టి పెరిగినవారు. తెలుగు అక్షరాలొచ్చు, నుడికారం రాదు. కొట్టు నిండా చీరలున్నాయనుకుని ఒక్క మూటా పంపలేదు. ఈయన మళ్ళీ రాశాడు: "పంచెలు కూడా పూర్తిగా నిండుకున్నవి." అటునుంచి తిట్లొచ్చాయి: "నిండా పెట్టుకుని అమ్మడం చేతకాదా?"

మూడో నెల అల్లుడుగారే దిగారు. ఖాళీ బీరువాలు చూసి నోరెళ్ళబెట్టారు.

"ఏమయ్యా, ఇక్కడ ఏమీ లేదే!"

"రామ రామ! అంత మాటనొద్దు సామీ. నిండుకునింది."

సంగతి అర్థమయ్యేసరికి ఆయనకు ఒళ్ళు మండిపోయింది. "లేదు అని నోటితో అను. అనకపోతే ఈరోజుతో నీ ఉద్యోగం సరి!"

మార్కండేయులుకు ఐదుగురు పిల్లలు. అయినా మనిషి జంకలేదు.

"ఈ సీమ జనం పోయిన చోటల్లా ఆ మాటే వింటాండారు సామీ. మన గడపలో గూడా అదే వినాల్నా?" అన్నాడు.

అంతలో ఎర్రమంచి ఊరి నుంచి హనుమక్క అనే ఆమె ఆయాసపడుతూ వచ్చింది. "బేస్తవారం మా పాప పెండ్లి. చీర యాడా దొరకలా. మీరు లేదనరంట గదా సామీ?"

అల్లుడుగారు చేతులు కట్టుకున్నారు. "ఊఁ, అను."

మార్కండేయులు తల అడ్డంగా ఊపాడు.

"అయితే నేనే చెబుతా. చూడమ్మా, చీర లే... లే..." హనుమక్క కొంగుతో మొహం తుడుచుకుని ఆయన్నే నమ్మకంగా చూస్తోంది. అల్లుడుగారు కుర్చీ ఆమె ముందుకు జరిపారు. "చీర... నిండుకుంది. కూర్చోమ్మా."

మార్కండేయులు గబుక్కున గొడుగు అందుకున్నాడు. "పదండి సామీ, రైలుకు టైమైతాంది."

"ఎక్కడికయ్యా?"

"ధర్మవరానికి. ఈడ నిండుకునిందన్నోడే పోయి తెచ్చియ్యాల. ఇన్నేండ్లూ ఆదివారాలు నేను పోయి తెస్తాండ్లా?"

ఆ సంగతి మాకే తెలియదు! ఆదివారమైతే అత్తగారింటికి పోతున్నాడని వెక్కిరించేవాళ్ళం. సిగ్గేసింది. అంతకు రెండింతలు గర్వమనిపించింది, ఇట్లాంటివాడి కింద పనిచేస్తున్నానని.

హనుమక్క ఆ రాత్రి మార్కండేయులు ఇంట్లోనే ఉంది. మరునాడు మధ్యాహ్నం వాళ్ళిద్దరూ ధర్మవరం నుంచి దిగారు. మగ్గం మగ్గం తిరిగారేమో, అల్లుడుగారి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. చీర ఆయన చంకలోనే ఉంది.

"ఎవరప్పా ఈయన?" హనుమక్క అడిగింది.

"కొత్త గుమాస్తాలేక్కా. పని నేర్చుకుంటాండాడు" అన్నాడు మార్కండేయులు, తొణక్కుండా.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఔనమ్మా, ఈయన దగ్గరే చేరాను" అన్నారు అల్లుడుగారు చీర మడత విప్పుతూ. "అంచు నచ్చిందా?"