ద్వాలి మేడం అరగంట

ప్రతి శనివారం పద్నాలుగు మంది ఆడపిల్లలు అరగంట సేపు ద్వాలి మేడం ముఖంలోకి చూస్తూ కూర్చుంటారు, ఆమె చస్తుందా బతుకుతుందా అని. నోరు తెరిచి ఎవరూ ఆ మాట అనరు గానీ చూపు మాత్రం అదే. పెదాలు నల్లబడుతున్నాయా, చెమట పడుతోందా, కళ్లు తేలేస్తోందా అని తలా ఒకటి పంచుకున్నట్టు చూస్తారు. వండిన కూర మూతపెట్టి పొయ్యి పక్కన ఉంటుంది. గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. టేకు అడవి ఆ వంట గది కిటికీకి ఆనుకునే మొదలవుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసక మసకగానే ఉంటుంది.

ముప్పై నిమిషాలయ్యాక "ఇగ తినుండ్రి" అంటుంది ద్వాలి. అప్పుడు గాని పిల్లలు కదలరు.

భద్రాచలం రోడ్డు వదిలి అడవిలోకి ఆరు కిలోమీటర్లు వెళితే వచ్చే ఆడపిల్లల హాస్టలు బడి అది. ద్వాలి పక్క తండా కోడలు. ఖమ్మంలో ఆరు నెలలు వంట కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. తొమ్మిదో తరగతికి ఆమె చెప్పే వంట క్లాసులో వంట కన్నా జాగ్రత్తలే ఎక్కువ. చున్నీ నడుముకు బిగించాలి, జడ ముడేయాలి. అగ్గిపుల్ల గీసే ముందు సిలిండర్ దగ్గర వాసన చూడాలి. కత్తి అందిస్తే పిడి అవతలివాళ్ల వైపుండాలి. "ఇది వంట క్లాసా, పోలీసు ట్రైనింగా" అని హెచ్ఎం ప్రమీల మేడం ఎగతాళి చేసేది. ద్వాలి నవ్వేది కాదు. అన్నిటికన్నా పెద్ద రూలు అరగంటది. వండించిన మనిషి ముందు తినాలి, అరగంట ఆగాలి, ఆ తర్వాతే పిల్లల కంచాల్లో పడాలి.

కాగితం మీద అలాంటి రూళ్లు చాలా ఉంటాయి. ద్వాలికి మాత్రం ఈ రూలును మంగ్లి ఇచ్చి పోయింది. తొమ్మిదేళ్ల కింద వేరే హాస్టల్లో ద్వాలి వంటమనిషికి సాయంగా ఉండేది. పత్తి చేనుకు కొట్టే పురుగుమందు డబ్బా కడిగి అందులో ఎవరో నూనె తెచ్చారు. ఎవరూ ముందు రుచి చూడలేదు. మంగ్లి అనే పదేళ్ల పిల్ల ఆకలికి ఆగలేక అందరికన్నా ముందు తిన్నది. దవాఖానాకు తీసుకుపోతుంటే ఆటోలో ద్వాలి ఒళ్లోనే పోయింది.

ఆ బరువు తన తొడల మీద ఇంకా ఉందంటుంది ద్వాలి. వాన పడే రోజుల్లో మరీ తెలుస్తుందట. మనం నమ్మినా నమ్మకపోయినా ఒక సంగతి మాత్రం నిజం. కూర్చున్న చోటి నుంచి లేచేటప్పుడు, ఒళ్లోంచి ఎవరినో మెల్లగా పక్కకు దించినట్టు చేతులు కదిపి లేస్తుంది. పిల్లలంతా అది గమనించారు. ఎవరూ అడగలేదు.

మొన్న ఫిబ్రవరిలో లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి భోగ్ బడిలోనే చేద్దామన్నది హెచ్ఎం. భోగ్ అంటే రవ్వ, బెల్లం, నెయ్యి కలిపి వండి, దేవుడి పేరా పోయిన పెద్దల పేరా ముద్దలు చేసి నిప్పుల మీద వేయడం. మంట లేస్తే వాళ్లు అందుకున్నట్టు. వాళ్లు అందుకునేదాకా ఎవరూ నోట పెట్టకూడదు. నాలిక మీద మెతుకు పడ్డా మొత్తం ఎంగిలే.

ద్వాలి అత్త హేమ్లి ఆ పనికి పెద్ద. భోగ్‌కు స్టీలు గిన్నె పనికిరాదని తన ఇత్తడి గుండిగ మోసుకొచ్చింది. తండాలో ఇంటింటా అడిగి పోగుచేసిన నెయ్యి పదిహేను రోజులుగా అందులోనే ఉంది, ఎవరి కన్నూ పడకుండా మూతి మీద గుడ్డ కట్టి.

"అత్తా, గుడ్డ తీసి ఒక్కసారి చూస్త" అన్నది ద్వాలి.

"పొయ్యి మీద పెట్టినంకనే తీయాలె. నీకు తెల్వదా?"

"పిల్లలు తింటరు కద. నేను జర రుచి చూడాలె."

"దేవుని కన్న ముందు తింటవా కోడలా?"

పిల్లలందరి ముందు, హెచ్ఎం ముందు అత్త అడిగిన మాట అది. ద్వాలి తల దించుకుంది. ఇత్తడికి లోపలి తగరం కళాయి పోతే అందులో నిలవున్న నెయ్యికి చిలుము పడుతుందని, అది విషమని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పే పాఠమే. కళాయి వేసే అహ్మద్ పాషా ఆ తండా వైపు రాక ఆరేళ్లయింది. ఇవన్నీ తెలిసిన మనిషే. తెలిసీ ఊరుకుంది. అత్తగారి ముందు సర్టిఫికెట్లు ఎక్కడ పనిచేస్తాయి? "ఇయ్యాల ఎవరూ రుచి చూడొద్దు" అని పిల్లలకు చెప్పింది. అరగంట ముచ్చటే ఎత్తలేదు.

పిల్లలు వంతులేసుకుని గరిట తిప్పారు. బెల్లం నలుపులో నెయ్యి రంగు ఎవరికీ తెలియలేదు. వంట దించాక గుండిగను బయట చెట్ల నీడలోకి మోశారు. తండా ఆడవాళ్లు నిప్పుల చుట్టూ కూర్చుని పాట అందుకున్నారు. ఒక్క ఆకు కదలడం లేదు. అడవిలో పిట్ట కూడా అరవడం లేదు. పాట సాగుతున్నంత సేపూ ద్వాలికి ఒంటి మీద ఏదో లేనట్టుగా ఉంది. ప్రతి శనివారం తనను తినేసేలా చూసే ఆ కళ్లు ఈ రోజు తన మీద లేవు, అదే ఆ లోటు. ఎందుకో ఆమెకు చాలా భయం వేసింది.

హేమ్లి మొదటి ముద్ద వేసింది. మంట మామూలుగానే లేచింది. రెండో ముద్దకూ అంతే. మూడోది ఏనాడో పోయిన తన అత్త పేర గుండిగ అడుగు గీకి వేసింది. కాసేపు పొగ తప్ప ఏమీ రాలేదు. తర్వాత జానెడు మంట లేచింది, పచ్చి ఆకు రంగులో. చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఆ వెలుతురులో నీళ్లలో నానిన ముఖాల్లా కనిపించాయి.

"వచ్చింది. అవ్వ వచ్చింది" అని ఎవరో చేతులు జోడించారు. హెచ్ఎం కూడా జోడించింది.

ద్వాలి ఆ మంటను ఎరుగును. ఆమె భర్త దస్రుకు బోరు మోటార్ల వైండింగ్ షాపుంది. కాలిపోయిన మోటార్ల తీగను షాపు వెనక మంటలో వేస్తాడు, రాగి కోసం. ఆ మంట అచ్చం ఇదే రంగు. గుండిగ ఇత్తడిలోని రాగి నెయ్యిలోకి దిగింది.

అప్పటికే పిల్లల కంచాల్లో ముద్దలు పడుతున్నాయి. "తినొద్దు" అన్నది ద్వాలి. పాటలో ఎవరికీ వినపడలేదు. ఆమె లేచి కాలుతున్న గుండిగను రెండు చేతులతో పట్టి మట్టిలో కుమ్మరించింది. పిల్లల చేతుల్లోంచి కంచాలు లాక్కుంది.

పాట ఆగిపోయింది. హేమ్లి అరవలేదు. చాలా మెల్లగా అన్నది: "పెద్దల నోటి కాడిది గుంజుకున్నవు. వాళ్లు ఊకోరు. మన ఇంట్లకెల్లే ఎవర్నన్న తీస్కపోతరు."

ద్వాలి వినిపించుకోలేదు. ఒక్కో పిల్ల నోరు తెరిపించి చూస్తోంది. పన్నెండు. పదమూడు. పద్నాలుగో పిల్ల కవిత లేదు.

కవిత వంట గదిలో ఉంది. ద్వాలి ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద, గడియారం ఎదురుగా, చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చుంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. డ్రెస్సు ముందంతా నీలి పచ్చటి వాంతి. ఆ మసకలో ఒక్క క్షణం ద్వాలికి అది మంగ్లే అనిపించింది. "మేడం" అని ఆ పిల్ల పిలిచాక గాని కదల్లేకపోయింది.

కవితను తీసుకుని ఆటో ఎక్కుతుంటే హేమ్లి కూడా వచ్చి ఎక్కింది.

దవాఖానాలో సెలైన్ పెట్టారు. "చెంచాడే తిన్నది, గండం లేదు. అందరూ కడుపు నిండా తినుంటే నా దగ్గర అన్ని మంచాలు కూడా లేవమ్మా" అన్నాడు డాక్టరు. గుక్కెడు గుక్కెడు నీళ్లు పట్టమన్నాడు.

సాయంత్రానికి కవిత కళ్లు తెరిచింది. ద్వాలి కాలిన చేతులకు కట్లతో పక్కనే ఉంది.

"ఎందుకు తిన్నవు బిడ్డా? ఇయ్యాల ఎవరూ రుచి చూడొద్దని చెప్పిన కద."

కవిత బెదురుగా హేమ్లి వైపు చూసింది. "ఎంగిలి చేసిన మేడం. తప్పే. కానీ మీరు తినలేదు కద."

"అయితే?"

"మేం పద్నాలుగు మందిమి ఉంటిమి. ఎవరో ఒకరు ముందుగాల తినాలె కద మేడం. అందుకే గరిటకు అంటుకున్నది తిని, టైము చూస్కుంట కూసున్న. ఇర్వై నిమిషాలు ఏం కాలే. మంచిగనే ఉందని చెప్దామని లేవబోయిన. గప్పుడే అయింది."

పిల్లలకు తాను జాగ్రత్త నేర్పుతున్నాననుకుంది ద్వాలి. చావు కోసం కూర్చుని ఎదురు చూడడం కూడా నేర్పానని ఆమెకు అప్పుడు తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

హేమ్లి లేచి గ్లాసులో నీళ్లు పోసింది. ముందు తాను ఒక గుక్క తాగి, కాసేపు ఆగి, అదే గ్లాసు ఆ పిల్ల నోటికి అందించింది.