ఉడకబెట్టని తీగలు

సిరిసిల్లలో మా పుట్టింటి గోడకు అవతలే మరమగ్గాలు ఆడేవి. ఆ చప్పుడులోనే పెరిగాను. పెళ్లయి కోరుట్లకు వచ్చాక ఇక్కడి నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆయన చర్చిలో బేస్ గిటార్ వాయించేవాడు. మధ్యాహ్నం ఇంట్లో స్పీకరు పెట్టెకు తగిలించి సాధన చేస్తుంటే, ఆ మొద్దు శబ్దం నేల మీదుగా వచ్చి చాప మీద పడుకున్న నా వీపుకు తగిలేది. మా మగ్గాలు గుర్తొచ్చి హాయిగా నిద్రపోయేదాన్ని.

"పాట వినుమంటే గురక వెడ్తవేందే" అని ఉడుక్కునేవాడు.

జగిత్యాలలో బ్యాండు మానేసిన ఒకతని దగ్గర కొన్న గిటారు అది. బ్యాటరీ ఉండని రకం, పాసివ్ అంటారు. తీగలు ఎన్నడూ మార్చలేదు. చెమటా మురికీ పట్టి వాటి గణగణ పోయింది, బరువు మాత్రం మిగిలింది. ఆయనకు అదే ఇష్టం.

ఇక్కడ పనుల్లేక దుబాయి వెళ్లాడు. చర్చిలో బేస్ వాయించేవాళ్లు వేరే ఎవరూ లేరని, పోయే ముందు నాకు నేర్పాడు. శుక్రవారం ఆయనకు సెలవు. ఫోన్ చేసి వాయించమనేవాడు. ఫోన్‌ను స్పీకరు పెట్టె ముందు పెట్టి మనసంతా పెట్టి వాయించేదాన్ని.

"వాయిస్తలేవా?"

"పాట మొత్తం వాయించిన గదా."

"టిక్కు టిక్కుమంటుంది, గంతే. ఇంకేం వినవస్తలేదు."

ఫోన్లకు బేస్ పలికే కింది స్వరాలు అందవట. నా మాట అంత దూరం పోతుంది, నా చేతి శబ్దం పోదు. ఆ ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది.

"తీగలిప్పి గిన్నెల ఉడ్కవెట్టు. మురికి పోతే కొత్తవాటిలెక్క మోగుతయ్, గప్పుడు వినవస్తది" అన్నాడు. కొత్తవి కొనలేని వాళ్లు చేసే పనే అది. పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఒక తీగ విప్పి చేతిలో పట్టుకున్నాను. ఆ మురికి ఆయనది. ఇంట్లో మిగిలిన ఆయన చెమట అదొక్కటే. చొక్కాలన్నీ అప్పటికే ఉతికి మడతపెట్టాను, బుద్ధిలేనిదాన్ని. తీగ మళ్లీ బిగించి, ఆ నీళ్లలో బియ్యం పోశాను.

"ఉడ్కవెట్టనంటే ఉడ్కవెట్ట, పో" అని మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు చెప్పాను.

కొన్నాళ్లకు, సెలవు మీద మెట్‌పల్లికి వస్తున్న ఒకాయనతో ఇంకో గిటారు పంపాడు. లోపల బ్యాటరీ ఉన్న యాక్టివ్ రకం, తళతళలాడే కొత్త తీగలు. పై స్వరాల నాబ్ మొత్తం తిప్పితే ఫోన్‌లో చక్కగా వినిపించింది. ఆయన సంబరం అంతా ఇంతా కాదు. నాకు మాత్రం అది వాయిస్తుంటే పరాయి ఇంట్లో కూర్చున్నట్టుండేది. చర్చిలో పాతది, ఆయనకు కొత్తది.

వాయించాక వైరు పీకెయ్యకపోతే బ్యాటరీ అయిపోతుందని నాకు తెలియదు. ఒక శుక్రవారం ఆ గిటారు నోరు విప్పలేదు.

"ఆగు, దుకాణంకు పోయి బ్యాటరీ తెస్త."

"వద్దు. పాతది వాయించు."

"నీకు వినరాదు గదా."

"నీకు వినవస్తది గదా. వాయించు."

చాప మీద కూర్చుని వాయించాను. నేల అదిరింది. ఆయన ఇంట్లోనే ఉన్నట్టనిపించి ఏడుపొచ్చింది. పాట ముగిశాక ఫోన్ అందుకున్నాను. ఆయన పెట్టెయ్యలేదు, వింటూనే ఉన్నాడు.

"అయిపోయిందా?" అని మెల్లగా అడిగాడు.

"ఇంకా ఉంది" అని, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను.