రెండు చోట్ల కనిపించిన అమ్మ

మా మరదలంటే నాకు కుళ్లు. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి రెండేళ్లు పట్టింది. తమ్ముడి భార్య కదా అని చాలాకాలం దాన్ని చిరాకు అనుకుంటూ నెట్టుకొచ్చాను. చిరాకు కాదు, కుళ్లే.

ఆమెది గుంటూరు వైపు. ఏదో కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేటకు వచ్చి, హాస్టల్లో ఉండి, చివరికి ఆ అమీర్‌పేటలోనే మా ఇంటి కోడలైంది. అమ్మ వాళ్ల దగ్గరే ఉండేది. నేనుండేది పంజగుట్టలో. మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. ఆదివారాలు వెళ్లేదాన్ని, అదీ అన్ని ఆదివారాలూ కాదు.

అమ్మ పోవడానికి ఏడాది ముందు, మరదలు వంశవృక్షం తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి లాప్‌టాప్‌లో వేసుకుంది. చిక్కుడుకాయలు ముందేసుకుని అమ్మ పక్కన కూర్చోవడం, ఈనెలు తీస్తూ ఒక్కొక్కటే అడగడం, వంటయ్యాక టైప్ చేసుకోవడం. ఒక్కో మనిషికి ఒక్కో గడి. గడి నొక్కితే పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం వస్తాయి. కింద పెద్ద జాగా ఉంటుంది, ఆ మనిషి గురించి తెలిసినవన్నీ అక్కడ రాసుకోవచ్చు. అందరికంటే అమ్మ గడి కిందే ఎక్కువ రాసింది.

చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఒక పెళ్లిలో మా చిన్నాయన పదిమంది ముందు, "మన ఖాందాన్ ముచ్చట ఏది కావాల్నన్నా కోడలు పిల్లనే అడగాలె" అన్నాడు. ఈ ఇంట్లో పుట్టింది నేను. పైగా నా ఉద్యోగం సోమాజిగూడలో ఒక ఆస్పత్రి రికార్డుల సెక్షన్లో. ఊళ్లోవాళ్ల చరిత్రలన్నీ నేను సర్దిపెడుతుంటే మా ఇంటి చరిత్ర ఎక్కడినుంచో వచ్చిన మనిషి సర్దడమేమిటి?

అసలు మంట అది కూడా కాదు. అమ్మ ఆమెకు చెప్పినవేవీ నాకు చెప్పలేదు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి పత్తి చేలో దాక్కుందట. పెళ్లి మాట ఎత్తగానే రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఇవన్నీ నేను లాప్‌టాప్‌లో చదివి తెలుసుకున్నాను. నేనడిగినప్పుడు "గవన్నీ ఇప్పుడెందుకే" అని కొట్టిపారేసింది. ఎన్నిసార్లు అడిగానంటే, ఒకసారి అడిగిన గుర్తు.

అమ్మ పోయిన మూడో నెలలో తమ్ముడు ఆ వంశవృక్షం నా ఫోన్‌లో తెరుచుకునేలా చేసిచ్చాడు. నన్ను సుత జర చూడమన్నాడు, తప్పులుంటే దిద్దమన్నాడు. నేను తప్పుల కోసమే చూశాను. కళ్లలో నిప్పులు పోసుకుని ఒక్కో గడీ చూశాను.

దొరికింది. అమ్మ రెండు చోట్ల ఉంది. అమ్మమ్మ కింద కూతురిగా ఒక గడి, నాన్న పక్కన భార్యగా ఇంకో గడి.

నాన్న అమ్మకు సొంత మేనమామ, అమ్మమ్మకు తమ్ముడు. అక్క బిడ్డను చేసుకోవడం అప్పట్లో మా వైపు మామూలే. అమ్మ ఆయన్ను పెళ్లికి ముందూ మామా అనే పిలిచింది, నలుగురు మనవలు పుట్టాకా మామా అనే పిలిచింది. మాకు అమ్మమ్మే మేనత్త. ఈ చుట్టరికాలు తలకెక్కక మరదలు ఒక్క మనిషిని ఇద్దరిని చేసి కూర్చుందనుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఫోన్ చేసి అడిగితే పోయేది. అడగలేదు. నేనే దిద్ది, ఆ సంగతి చిన్నాయన ముందు అనాలని నా ఆశ.

ఆస్పత్రిలో ఒకే మనిషికి రెండు ఫైళ్లు కనిపిస్తే ఒకటి ఉంచి ఒకటి తీసేయడం మాకు రోజూ ఉండే పనే. అలాగే కూతురి గడి నొక్కి, తీసేయమన్నాను. ఖాయమేనా అని ఫోన్ అడిగింది. ఖాయమన్నాను.

రెండు గడులూ పోయాయి.

ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో అమ్మ ఒక్కతే. వరుసలు రెండు కాబట్టి రెండు చోట్ల చూపిస్తోంది, అంతే. మరదలు అంతా సరిగ్గానే ఎక్కించింది. ఇప్పుడు నాన్న పక్కన ఎవరూ లేరు. అమ్మ చెప్పినవన్నీ గడితో పాటే, మరదలి లాప్‌టాప్‌లోనూ పోయాయి. మళ్లీ అడుగుదామంటే అమ్మ లేదు.

మర్నాడు మెట్రో ఎక్కి వెళ్లి మరదలికి చెప్పాను. లాప్‌టాప్‌లో వెతికితే పాత కాపీ ఒకటి దొరికింది. అందులో అమ్మ పేరు, ఊరు ఉన్నాయి. మాటలు లేవు. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. లేచి వెళ్లి ముఖం కడుక్కొచ్చి, తనకు గుర్తున్నంత చెబుతానని, నన్ను టైప్ చేయమని అంది.

మా అమ్మ గురించి ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. పత్తి చేను వచ్చింది, అన్నం మానేసిన రెండు రోజులు వచ్చాయి. మధ్యలో ఒకచోట "గట్లనే" అన్న మాటను అచ్చం అమ్మలాగే సాగదీసి పలికింది. దానికీ కుళ్లుకున్నాను. చేసిన పనికి సిగ్గుపడాల్సిన సమయంలో కూడా నా కడుపుమంట నాకు తగ్గలేదు.

సాయంత్రానికి అమ్మ కథ అయిపోయింది. అడగకూడదు అనుకుంటూనే, నా గురించి అమ్మ ఏం చెప్పిందని అడిగేశాను.

మరదలు నా గడి తెరిచి లాప్‌టాప్ నా వైపు తిప్పింది. పేరు ఉంది, పుట్టిన సంవత్సరం ఉంది. కింద ఏమీ లేదు.

"అడిగాను వదినా. అత్తయ్యగారు చెప్పనన్నారు. 'అది ఆదివారమొస్తే గంటలనే పోతది. ఒక దినమంత ఉండేతట్టు రమ్మను, దాని ముచ్చట దాని ముంగటనే చెప్త' అన్నారు. అందుకే మీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను."

చేసింది. నాలుగుసార్లూ ఆమె పేరు చూసి నేను ఎత్తలేదు.