జీడిపప్పు లేని తెల్ల కుర్మా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారమంటే తెల్ల కుర్మా. బరంపురంలో మా తాతయ్య జీడిపప్పు టోకు వ్యాపారి. గింజ నోట్లో వేసుకుని అది ఏ రకమో, ఏ తోటదో చెప్పేవారు. అందుకే మా కుర్మాలో గుప్పెళ్ళకొద్దీ జీడిపప్పు, చిక్కటి కొబ్బరిపాలు, పైన మీగడ పడేవి. నేను చదువులో పలుచన, తిండిలో చిక్కన. గిన్నె అడుగు గీకే బాధ్యత నాదే.

ఒక ఏడు తాతయ్యకు గుండెనొప్పి వచ్చింది. జీడిపప్పు, కొబ్బరి, మీగడ మూడూ మానేయమన్నారు డాక్టరుగారు. వాటితోపాటు తాతయ్య తిండే మానేసినంత పని చేశారు. ఉడకబెట్టిన కూర కనబడగానే కంచం పక్కకు నెట్టేసేవారు. మూడు వారాలకి లాల్చీయే ఆయన్ని తొడుక్కున్నట్టు ఉండేది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించక తప్పదని డాక్టరుగారు హెచ్చరించారు.

అప్పుడు మా పిన్ని నడుం బిగించింది. ఖల్లికోట నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన మనిషి. మామగారి ఎదుట నోరు పెగలదు గాని, వంటింట్లో ధైర్యానికి తక్కువ లేదు. లేత సొరకాయ చెక్కు తీసి ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చితో ఉడికించింది. చారెడు పుట్నాల పప్పు కలిపి వెన్నలా రుబ్బింది. ఆ గుజ్జులో బంగాళాదుంపలూ బఠాణీలూ మగ్గాయి. వెన్న తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగును గుడ్డలో వడగట్టి, గిలక్కొట్టే పని నాకిచ్చింది. గిన్నె పొయ్యి మీంచి దించాకే ఆ పెరుగు కలిపింది.

"మంట మీద ఏస్తే ఇరిగిపోద్దే. నువ్వు మాత్రం తాతకి ఏటీ సెప్పకు," అంది.

రహస్యం నా నోట్లో చెరకుముక్కలాంటిది, నమిలి బయటపడేసేదాకా ఊరుకోను. ఆ సంగతి పాపం ఆవిడకింకా తెలీదు.

తాతయ్య చపాతీ ముక్క ముంచి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"డాక్టరు వద్దంటే జీడిపప్పు ఏసీసినారేటి? అదీ ముక్క కాదు, పెద్ద గింజ. మన గిడ్డంగి సరుకే!"

"సొరకాయి తాతా!" అనేశాను.

పిన్ని తలుపు చాటుకు వెళ్ళిపోయింది. తాతయ్య కంచంలోకి చూశారు, నాకేసి చూశారు. మరో ముక్క ముంచుకున్నారు. తరువాత ఇంకోటి. కంచం ఖాళీ అయ్యాక, "కోడలా, ఓ డబ్బాలో కొంచెం సర్దమ్మా," అన్నారు.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బజారుకెళ్ళి, తోటి జీడిపప్పు వ్యాపారులు ముగ్గురికీ తలో చెంచా పెట్టారు.

"ఇందులో ఏ రకం పప్పు పడిందో సెప్పండి, సూద్దాం."

ఒకాయన చికిటి వైపు తోటల గింజన్నారు. "ఏటి బావా, నాలిక మొద్దుబారిపోయిందేటి? ఇది గుండు గింజ కాదు, బద్ద," అన్నారు రెండో ఆయన. మూడో ఆయన, పాత సరుకని పెదవి విరిచారు. వాళ్ళు మాటామాటా అనుకునేదాకా ఆగి, తాతయ్య "సొరకాయి!" అని నవ్విన నవ్వుకి వీధంతా తొంగిచూసింది. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఇంటికొస్తూనే, "కోడలా, ఆకలేస్తందమ్మా, ఏటుంది?" అని అడిగారు. పిన్ని ముఖం వెలిగిపోయింది. సెలైన్ కోసం ఆసుపత్రి గడప తొక్కే పని పడలేదు.

ఇప్పుడు నా గుండెకూ డాక్టరు జాబితా ఉంది, తాతయ్య ఆస్తిలో నాకు దక్కిన వాటా అది. సొరకాయ రుబ్బినప్పుడల్లా అనుకుంటాను, పిన్ని ఆయన కంచంలోంచి కొవ్వు తీసేసింది గాని, కమ్మదనం తీయలేదని. ఇంట్లో ఎవరికైనా ఏదైనా వద్దని చెప్పాల్సి వస్తే, ఆ ఖాళీలో పెట్టడానికి ఏదో ఒకటి సిద్ధం చేసుకున్నాకే నేను నోరు విప్పుతాను.