పడుగు పొంటి చదివిన పాఠాలు

డెబ్బైల చివర, వరంగల్లో మా నేతగాళ్ల వాడలో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. ఏం లాభం? మూలన కూర్చుని గంటసేపు బట్టీ పట్టిన సాంఘికం అన్నం తిని లేచేసరికి గాలికి పోయేది.

"ఫెయిలైతే మళ్ల ఫీజు కట్టుడు లేదు. ఇంట్ల కండెలు సుట్టుడే" అన్నాడు నాన్న. అనడమే కాదు, మగ్గానికి నూలు కండెలు చుట్టే కొత్త రాట్నం ఒకటి తెచ్చి, నేను చదువుకునే మూలనే పెట్టాడు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

అమ్మకు అక్షరం ముక్క రాదు. ఓ పొద్దున పుస్తకం చేతికిచ్చి నన్ను వీధిలోకి తోలింది. ఎండ ముదరకముందే వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, చాపి గంజి పెట్టడం మా పని.

"కూసుంటే మత్తొస్తది. పడుగు పొంటి నడుసుకుంట సదువు. తెగిన పోగులు కనబడితే అతుకు" అంది. మా అమ్మ ఏ పనీ ఒక్క లాభానికి చేయదు.

కోపంతోనే నడిచాను. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక ప్రశ్న, తిరిగొచ్చేటప్పుడు జవాబు. పది రోజుల్లో పాఠాలు బుర్రలో కూర్చున్నాయి. ఒళ్లు కదిలితే జ్ఞాపకమూ కదులుతుందని తర్వాత టీచరునయ్యాక నేనే పిల్లలకు చెప్పాను. నా క్లాసులో ఎక్కాలు నడుస్తూనే అప్పజెప్పాలి.

పరీక్ష నాడు బెంచీ మీద కూర్చుని ప్రశ్నలు చూశాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు. అన్నీ నడుస్తూ చదివాను, కూర్చుని ఒక్కసారీ అప్పజెప్పుకోలేదు. కళ్ల ముందు రాట్నమే తిరిగింది.

లేచి, కాపలా ఉన్న సారును మంచినీళ్లకు పోతానని అడిగాను. కుండ వరండా చివర ఉంది. అక్కడికి చేరేలోపు మొదటి జవాబు, వెనక్కి వచ్చేలోపు రెండోది గుర్తొచ్చాయి. గబగబా రాసి మళ్లీ లేచాను.

మూడోసారి సారు అడిగాడు. "ఏంది బిడ్డా, పానం మంచిగ లేదా?"

"దూప సార్, నీళ్లు తాగొస్త" అన్నాను.

నాలుగోసారి ఆయన తల మాత్రం ఊపాడు. ఆ పుణ్యాత్ముడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఫలితాల రోజు నాన్న పేపరు తెచ్చాడు. నా నంబరు మీద వేలు పెట్టి రెండుసార్లు చూశాడు. మూలనున్న రాట్నాన్ని ఎత్తుకుని పక్కింటికి నడిచాడు.

"తీస్కో వదినె, మా బిడ్డ పాసైంది. మాకు ఇగ దీనితోటి పనిలేదు" అనడం గోడ ఇవతలికి వినిపించింది.

నాకు ఏడుపు వచ్చేసింది. ఖాళీ అయిన ఆ మూలన కాళ్లు బార్లా చాపి, చాలాసేపు ఊరికే కూర్చున్నాను.