గంట మోగేదాకా

శుక్రవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒమాన్‌లోని ఇబ్రాలో బస్సెక్కాం, నేనూ ఖాదర్ భాయీ. జుమ్మా నమాజు ముగించుకుని ఆయన వచ్చేసరికి డ్రైవరు తలుపు వేసేస్తున్నాడు. మా సొంత సైకిళ్లను బస్టాపు పక్క హోటల్ దగ్గర గొలుసేసి వచ్చాం. ఆయన సైకిల్‌కు కడప నుంచి తెచ్చుకున్న ఇత్తడి బెల్లు ఉంది. దాన్ని ఎవరైనా ఊడదీస్తారేమోనని కిటికీలోంచి రెండుసార్లు చూసుకున్నాడు.

మేం వెళ్తున్నది సైకిల్ రేసుకే అయినా ఆ సైకిళ్లు పనికిరావు. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు. కాళ్లు ఆపుదామంటే పెడల్ ఊరుకోదు, మనిషినే ఎత్తేస్తుంది. వాటిని రేసు పెట్టే క్లబ్బు వాళ్లే ఇస్తారు. వెళ్లాలనుకునేవాళ్లు బూట్లు, నీళ్లు, బతాకా తీసుకెళితే చాలు. గుర్తింపు కార్డును ఇక్కడ అందరూ బతాకా అనే అంటారు.

ఖాదర్ భాయ్‌కి యాభై రెండేళ్లు, వెల్డింగ్ పని. నాది జగిత్యాల వైపు, టైల్స్ పని. నెలకోసారి వచ్చే ఈ రేసులకు మూడేళ్ల కిందట నన్ను లాక్కొచ్చింది ఆయనే. వచ్చే గురువారం వీసా రద్దు చేసుకుని ఇంటికి వెళ్లిపోతున్నాడు. ఇక తిరిగి రాడు.

వెనక సీట్లోని హైదరాబాదీ మా బూట్ల సంచులు చూసి ఎక్కడికని అడిగాడు. చెబితే పకపకా నవ్వాడు. “సైకిల్ చలానేకు బస్ మే జారే క్యా మియా?” సైకిల్ తొక్కడానికి బస్సులో పోతున్నారా అని! మాకూ నవ్వొచ్చింది.

తర్వాత ఖాదర్ భాయ్ మెల్లగా అన్నాడు. “చిన్నప్పుడు అద్దె సైకిల్ తీసుకుంటే, మజా వచ్చే టయానికి అంగడాయప్ప కేకేసేవాడు, ఇంక దిగు అని. ఈడా అంతే మల్లేశా. మూడేండ్లుగా సగంలోనే దించుతాండారు. ఈపొద్దు మాత్రం గంట మోగేటప్పుడు ట్రాక్ మీద ఉండల్ల.”

ఆ గంట సంగతి చెప్పాలి. రేసులో పదిమంది బయలుదేరతారు. రెండు చుట్లకోసారి అందరికంటే వెనకున్నవాణ్ణి దించేస్తారు. ముగ్గురు మిగిలాక గంట కొడతారు. అదే ఆఖరి చుట్టు. గెలవడం ఖాదర్ భాయ్‌కి అక్కర్లేదు. ఆ గంట వింటే చాలు.

మూడున్నరకు రుసైల్ దగ్గర దిగాం. అక్కడి నుంచి టాక్సీ, మనిషికి ఒక రియాల్. నాలుగింటికి ట్రాక్ చేరాం. సిమెంటు ట్రాక్, మలుపుల దగ్గర ఒక పక్కకు గోడలా లేచి ఉంటుంది. మొదటిసారి ఎక్కినప్పుడు బావి లోపలి అంచున తొక్కుతున్నట్టు గుండె జారింది. ఇప్పుడు కాస్త అలవాటైంది.

నాలుగూ ముప్పావుకు ఈల వేశారు. ఖాదర్ భాయ్ ఆ రోజు వేరే మనిషి. ఐదుగురు దిగిపోయినా ఆయన దిగలేదు. ఆరో మనిషీ పోయాడు. మిగిలింది నలుగురం, ముందు ఇద్దరు ఒమానీ కుర్రాళ్లు, వెనక మేమిద్దరం. ఇంకొకరు దిగితే గంట. నేనే దిగిపోవచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు తట్టలేదు.

ఆ రెండు చుట్లలో చివరి సగం చుట్టు మిగిలుండగా ఎదురుగాలి కొట్టింది. ఆయన వేగం తగ్గింది. నా పక్కనే రొప్పుతున్నాడు. ఆ గాలి మా ఊరి గాలే. చిన్నప్పుడు శనివారం శనివారం అమ్మ చేసిన బీడీల తట్టను క్యారియర్‌కు కట్టుకుని కార్ఖానాకు పోయేవాణ్ణి. గాలికి సైకిల్ సాగకపోతే, పక్కన తొక్కే దోస్తు రాజేశం మాటాముచ్చట ఆపకుండానే నా వీపు మీద చెయ్యేసి తోసేవాడు. మావైపు అడిగి తొయ్యరు. బరువుతో ఉన్నవాడి వీపు మీదికి పక్కవాడి చెయ్యి దానంతటదే పోతుంది.

నా చెయ్యీ పోయింది.

ఈల మోగింది. రేసులో ఒకరినొకరు తొయ్యకూడదు. జెండా పట్టుకున్నాయన మా ఇద్దరినీ వేలెత్తి చూపాడు. “ఖలాస్! ఇద్దరూ!”

బ్రేకుల్లేవు కాబట్టి వెంటనే ఆగలేం. లోపలి చదును మీద మెల్లగా తిరుగుతుండగానే, మిగిలిన ఆ ఇద్దరి కోసం గంట కొట్టారు.

సైకిల్ దిగి ఖాదర్ భాయ్ నావైపు చూశాడు. “ఎవురు తొయ్యమన్న్యారప్పా నిన్ను? పోతే నా కాళ్లతో నేనే పోయేవాణ్ణి గదా.”

“నాకు తెల్వకుంటనే చెయ్యి వోయింది భాయ్. తప్పైంది.”

ఆయన వంగి బూట్లు విప్పసాగాడు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. తల ఎత్తలేనంత సిగ్గేసింది.

ఆరింటి బస్సు దొరికింది. ఎక్కేముందు ఇంటికోసం పెద్ద బ్లాంకెట్ ఒకటి కొన్నాడు. రెండు గంటలూ దాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను తెచ్చిన సమోసాలు అలాగే చల్లారిపోయాయి.

ఎనిమిదింటికి ఇబ్రా. బ్లాంకెట్‌ను క్యారియర్‌కు కట్టుకున్నాడు. రూమ్ నాలుగు కిలోమీటర్లు, దారంతా ఎదురుగాలి. ఆయన సైకిల్ సాగడం లేదు. నేను పక్కనే ఉన్నాను, రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని.

“ఏం మల్లేశా, చెయ్యి పడిపోయిందా? ఈడ ఈలేసేవాడు యాడుండాడు? తొయ్యి.”

బ్లాంకెట్ పక్కనుంచి ఆయన వీపు మీద చెయ్యి పెట్టాను. చొక్కా ఇంకా తడిగానే ఉంది. వచ్చే శుక్రవారం ఈ దారిలో నా పక్కన ఎవరూ ఉండరు.

ఇన్నిసార్లు వెళ్లొచ్చాను గానీ, ఎవరు గెలిచారో ఒక్కటీ గుర్తులేదు. ఈ నాలుగు కిలోమీటర్లు మాత్రం మరిచిపోను. రూమ్ కనిపించే ఆఖరి మలుపులో ఖాదర్ భాయ్ బొటనవేలు ఇత్తడి బెల్లు మీదికి పోయింది. గేటు చేరేదాకా కొడుతూనే ఉన్నాడు.