పరేడ్‌కు అందని విమానం

మా ఇంట్లో విమానం ఎక్కిన మొదటివాళ్లం నేనూ మా ఆయనా. మా అమ్మాయి కేంద్ర బలగాల్లో ఉద్యోగం తెచ్చుకుని, ఉత్తరాదిన ఒక ఊళ్లో శిక్షణ పూర్తి చేసింది. చివరి రోజు జరిగే పరేడ్‌కు తల్లిదండ్రులను పిలుస్తారు. రైల్లో పోయి రావడానికి సరిపడా సెలవు నాకు దొరకదు. ఇల్లందు వైపు ఒక తండా బడిలో నేనొక్కదాన్నే టీచర్ని. మా ఆయన కొత్తగూడెం బొగ్గు బావుల్లో చేసి రిటైరయ్యాడు. ఆయనకు సెలవుల గొడవ లేదు గానీ నన్ను వదిలి కదలడు. అందుకని విమానం టికెట్లు తీశాం.

ఒక మాట ముందే చెప్పాలి. మేమిద్దరం అంత తేలిగ్గా ఎవరినీ నమ్మం. నాది పుట్టుబుద్ధి. ఆయనది బావిలో అబ్బిన బుద్ధి. పైకప్పు గట్టిగానే ఉందని ఎవరు చెప్పినా, కర్రతో కొట్టి సప్పుడు విన్నాకే అడుగు వెయ్యాలని అక్కడ నేర్పుతారట. ఇంటికొచ్చాక కూడా ఆయన అన్నింటినీ అట్లా కొట్టి చూస్తూనే ఉంటాడు.

మధ్యాహ్నం విమానం. మర్నాడు పొద్దున పరేడ్. శంషాబాద్‌లో గేటు దగ్గర కూర్చున్నాం. బయలుదేరే వేళ దాటింది. కౌంటర్లో అమ్మాయిని అడిగితే, విమానమే ఇంకా రాలేదంది. కొంతసేపటికి టై కట్టుకున్న ఒకాయన వచ్చి, విమానం నడిపే సిబ్బంది కోసం చూస్తున్నామన్నాడు. ఇంకొంతసేపటికి మైకులో పొగమంచు అన్నారు. అద్దాల అవతల చూస్తే ఎండ ఫెళ్లుమంటోంది. మేం పోవాల్సిన ఊరికే వేరే కంపెనీ విమానం పక్క గేటు నుంచి మా కళ్లముందే వెళ్లిపోయింది.

మా ఆయన నా వైపు వంగి మా లంబాడీ మాటలో అన్నాడు, చుట్టుపక్కలవాళ్లకు తెలియకుండా. "మూడు మాటలు చెప్పిండ్రంటే మూడూ అబద్ధమే. ప్యాసింజర్లు తక్కువైండ్రు. రేపటి దాంట్ల కలిపి పంపుతరు, సూడు."

"మరి పరేడ్?"

"అడుగు పోయి."

అడిగాను. సాయంత్రానికి తేల్చి చెప్పారు, రేపు పొద్దున పోతుందని. పరేడ్ ఉందని, మా బిడ్డ ఉందని, పిలుపు కాగితం చూపించి చెప్పాను. ఆ అమ్మాయి "సారీ మేడమ్" అంది. నా వెనకాల నిలబడ్డాయనకు కూడా అదే గొంతుతో అదే మాట చెప్పింది. గది ఇవ్వమంటే లేవన్నారు. చాయ్‌కీ సమోసాకూ ఒక కూపన్ ఇచ్చారు. ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు తిని, రాత్రంతా ఆ కుర్చీల్లోనే ఉన్నాం.

మేం చేరేసరికి మైదానంలో షామియానాలు విప్పుతున్నారు. నేల మీద పరిచిన ఎర్ర తివాచీని ఇద్దరు మనుషులు చుడుతున్నారు. మా అమ్మాయి గేటు పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. యూనిఫాం వేసుకుంది గానీ కాళ్లకు చెప్పులున్నాయి. అడిగితే బూట్లు కరిచాయంది. మమ్మల్ని చూసి నవ్వింది, ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన తివాచీ చుట్టేవాళ్లను చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక ఆయన అన్నాడు, "వదలొద్దు. నీకు ఇంగ్లీషు రాయొస్తది గదా, రాయి."

రాశాను. కంపెనీ వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది. అంత తొందరగా వచ్చిందంటే మనిషి చదవలేదన్నమాట. తమ చేతిలో లేని కారణాల వల్ల ఆలస్యమైందని, పరిహారం వర్తించదని, మా సహనానికి కృతజ్ఞతలని దాని సారాంశం. మాకు సహనం ఉందని వాళ్లకెవరు చెప్పారో! మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు.

ఆ వారంలోనే ఒక ఫోన్ వచ్చింది. మంచి తెలుగు, తీయటి గొంతు. "అమ్మా, విమానం కంపెనీ రిఫండ్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాను. మీ డబ్బులు రెడీగా ఉన్నాయి. ఒక యాప్ పంపుతాను, ఫోన్‌లో వేసుకోండి చాలు" అన్నాడు. నేను ఫిర్యాదు చేసిన సంగతి వాడికెట్లా తెలిసింది? కంపెనీవాళ్లే చెప్పారా? లేక నేను కడుపుమంటతో ఫేస్‌బుక్‌లో రాసింది చూశాడా? స్పీకర్లో వింటున్న మా ఆయన ఫోన్ లాక్కున్నాడు.

"ఏ ఊరు నీది?"

"హైదరాబాద్ సార్."

"హైదరాబాద్‌ల ఏడ? ఆఫీసు పేరు జెప్పు, రేపు పొద్దున బస్సెక్కుత."

అవతలివాడు పెట్టేశాడు.

కొన్నాళ్లకు ఇంకో ఫోన్. ఈసారి ఆడమనిషి, హిందీలో. మీ ఫిర్యాదు గురించి మాట్లాడాలి అనేసరికి నాకు ఒళ్లు మండింది. "ఇంకో ముఠానా మీది? మీ వాడు మొన్ననే చేశాడు. పోలీసులకు పట్టిస్తా" అని నాకొచ్చిన హిందీలో కడిగేశాను. ఆమె ఏదో చెప్పబోయింది. నేను విన్లేదు.

చివరికి ఖమ్మంలోని వినియోగదారుల కమిషన్‌కు పోయాం. వకీలు అక్కర్లేదు, మన కేసు మనమే చెప్పుకోవచ్చని మా స్కూల్ కాంప్లెక్స్ హెడ్మాస్టర్ చెబితే ముందు నమ్మలేదు. పోయి అడిగితే నిజమే. నేనే రాశాను. అందులో ఒక వాక్యం మీద చాలాసేపు కూర్చున్నాను. "ముందు వరుసలో కవాతు చేసిన మా బిడ్డను కళ్లారా చూసుకునే భాగ్యం మాకు లేకుండా పోయింది" అని. పొడుగు మనిషి కాబట్టి ముందు వరుసలో నిలబెట్టారని శిక్షణ మధ్యలో ఒకసారి తనే ఫోన్లో చెప్పింది.

మొదటి వాయిదాకు హైదరాబాద్ నుంచి కంపెనీ వకీలు వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. అదే నాకు నచ్చలేదు. ఆయన లేచి, "మా కస్టమర్ కేర్ అధికారిణి స్వయంగా ఫోన్ చేసి రాజీ మాట్లాడబోతే, వీరు ఆమెను దొంగ అని తిట్టారు" అని చదివాడు. హిందీ ఆమె నిజంగానే కంపెనీ మనిషి! మా ఆయన నా చెవి దగ్గర, "గిట్ల ఇరికిస్తరని నాకు తెలుసు" అన్నాడు. ఇరికించింది వాళ్లు కాదు, నా నోరే అని నాకు తెలుసు.

కమిషన్‌లో పెద్ద కుర్చీలో కూర్చున్న మేడమ్ ఆ మాట పట్టించుకోలేదు. కంపెనీని ఆలస్యానికి కారణం రుజువు చెయ్యమంది. నన్ను పరేడ్ ఫొటోలు ఏవైనా ఉంటే తెమ్మంది.

ఆ రోజే మా అమ్మాయికి ఫోన్ చేశాను. "చూద్దాంలే" అంది. మళ్లీ అడిగితే, బయటికి పంపొద్దన్నారంది. ఇంకోసారి అడిగితే, "ఆ కేసు ఇడిసిపెట్టరాదు? ఎందుకు నీకు ఖమ్మం చుట్టూ తిరుగుడు?" అంది. ఎప్పుడూ వాళ్ల నాన్న కంటే ఎక్కువ పంతం పట్టే పిల్ల, కేసు వదిలెయ్యమంటోంది! కంపెనీవాళ్లు ఆమె పై అధికారులతో మాట్లాడారేమో, కొత్త ఉద్యోగం కదా, బెదిరించారేమో అని పెరిగిపోయింది నా అనుమానం. బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ కూడా అదే ఆలోచన. ఆదివారం పొద్దున మళ్లీ చేశాను.

"నిజం జెప్పు. నీకెవలన్నా ఫోన్ జేసిండ్రా? కేసు తీసెయ్యమన్నరా?"

"లేదు యాడీ." అమ్మను మేం యాడీ అంటాం.

"మరి ఫొటో పంపుతానికి ఏంది నొప్పి?"

మెల్లగా అంది, "ఫొటోల నేను లేను. నేను నడవలే."

పరేడ్‌కు కొద్దిరోజుల ముందు పరుగుల్లో కాలి ఎముక చీలిందట. శిక్షణ పాసైంది గానీ కవాతులోకి రానివ్వలేదు. బాగా లేనివాళ్లతో పాటు ఒక పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ సంగతి మాకు చెప్పలేదు. మేం టికెట్లు తీసుకున్నామని ఎంత సంబరంగా చెప్పామో విని, ఇక చెప్పలేకపోయిందట.

"ఇమానం లేటైందని బాపు ఫోన్ జేసిండు సూడు, నాకు పాణం లేచొచ్చింది. కుర్చీల కూసున్న నన్ను సూడనీకి మీరు గంత దూరం రావద్దనిపించింది. యాడీ, నా కాలు సంగతి కోర్టుల చెప్పకు. ఇంకా మెడికల్ పరీక్ష ఒకటుంది."

విమానం కంపెనీని, ఫోన్ చేసిన ప్రతివాణ్నీ, మర్యాదగా మాట్లాడిన వకీలునూ అనుమానించాను. చెప్పులతో కూర్చున్న నా బిడ్డను మాత్రం అనుమానించలేదు. అది తల్లిగా నమ్మకమో, తల్లిగా గుడ్డితనమో ఇప్పటికీ తేల్చుకోలేను.

మా ఆయనకు చెప్పాను. ఆయన పెరట్లో బెండ మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. పైపు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడు ఎట్లున్నదంట కాలు?" అని మాత్రం అడిగాడు. తగ్గిందంట అన్నాను. "ఆ ముందు వరుస ముక్క కొట్టెయ్‌మని చెప్పు. కేసు మాత్రం ఉండనీ" అన్నాడు.

తర్వాతి వాయిదాకు పోయి నిలబడి, "మేడమ్, నేను రాసిన దాంట్లో ఒక వాక్యం వెనక్కి తీసుకుంటాను. ముందు వరుసలో కవాతు చేసిందన్నది నిజం కాదని నాకు తర్వాత తెలిసింది" అన్నాను.

వకీలు వెంటనే లేచాడు. "అంటే పరేడ్ కథంతా కల్పితమేనా? వాళ్లమ్మాయి అసలు ఆ శిక్షణలో ఉందో లేదో కూడా తేలాలి మేడమ్."

ఆయన నన్ను చూసిన చూపు నాకు బాగా తెలిసినదే. నేను లోకాన్ని చూసే చూపు అది. నా మీద పడితే ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"పరేడ్ జరిగిందా?" అని మేడమ్ అడిగింది.

"జరిగింది మేడమ్. పిలుపు కాగితం మొదటిరోజే ఇచ్చాను."

"మీ అమ్మాయి అక్కడుందా?"

"ఆ మైదానంలోనే ఉంది."

"కవాతు చెయ్యలేదా? ఎందుకని?" అన్నాడు వకీలు.

"అది చెప్పను సార్. మేం పోయింది మా బిడ్డను చూడడానికి. నడిచినా మా బిడ్డే, కూర్చున్నా మా బిడ్డే. ఆ పొద్దు మమ్మల్ని ఆమె దగ్గర లేకుండా చేశారు. నా ఫిర్యాదు అదే."

మేడమ్ తలదించుకుని ఏదో రాసుకుంది.

ఆ పూటే కంపెనీ తన కాగితాలు ఇచ్చింది. మేం ఎక్కాల్సిన విమానం అసలు మూడో ఊరి నుంచి రావాలట. పొగమంచు పట్టింది అక్కడ. అందుకని విమానం రాలేదు. వచ్చేసరికి సిబ్బంది పని గంటలు అయిపోయాయి. అందుకని నడిపేవాళ్లు లేరు. గేటు దగ్గర చెప్పిన మూడు మాటలూ నిజమే. ఒకే నిజాన్ని మూడు ముక్కలు చేసి ముగ్గురు మనుషులు చెప్పారు. మా ఆయన ఆ కాగితాన్ని రెండు మూడు సార్లు నాతో చదివించుకుని, "అయితే అయిండొచ్చు. మొత్తం కలిపి చెప్పడానికి వాళ్ల నోరు పడిపోయిందా?" అన్నాడు.

తీర్పు కూడా దాదాపు ఆ మాటే చెప్పింది. పొగమంచు కంపెనీ తప్పు కాదు. కానీ రాత్రంతా ఆపినప్పుడు గది, తిండి ఇవ్వకపోవడం, జరిగింది సరిగ్గా చెప్పకపోవడం తప్పు. దానికి కొంత పరిహారం, ఖర్చులు ఇమ్మన్నారు. పరేడ్ గురించి ఒక్క ముక్క లేదు. నేను అడగలేదు కూడా.

డబ్బు జమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. దాన్ని నొక్కకుండా మర్నాడు బ్యాంకుకే పోయి అడిగాను. పడింది నిజమేనన్నాక కూడా పాస్‌బుక్‌లో అచ్చు వేయించుకున్నాను.

ఎండాకాలంలో మా అమ్మాయి సెలవు మీద వచ్చింది. రైల్వే స్టేషన్‌కు మేమిద్దరం పోయాం. బండి దిగి, భుజాన పెద్ద సంచీతో ప్లాట్‌ఫారం మీద మా వైపు నడిచి వస్తోంది. వీపు నిటారుగా, అడుగు తడబడకుండా. అందరూ ముఖం చూస్తారు, నేను కాళ్లే చూస్తున్నాను. నొప్పి తగ్గి నడుస్తోందా, మేం చూస్తున్నామని నడుస్తోందా?

"కాలు ఎట్లున్నది?" అన్నాను దగ్గరికి రాగానే.

"మంచిగున్నది యాడీ" అంది.

మా ఆయన ఆమె భుజం మీది సంచీ తీసుకున్నాడు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి, ఆమెను ముందు దిగమని నేను వెనక ఆగాను.